మెస్సీకి టికెట్ కొన్న ఊరు రహీం లీగ్‌కు ఎందుకు రాదు?

2025 డిసెంబర్ 13 సాయంత్రం లియోనెల్ మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చాడు. వెంట లూయిస్ సువారెజ్, రోడ్రిగో డిపాల్. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా జెర్సీ వేసుకుని బంతి తన్నారు. ఆ రోజు మెస్సీ ఆడింది పోటీ మ్యాచ్ కాదు. కాసేపు బంతితో సందడి చేసి, గ్యాలరీల వైపు చేయి ఊపి వెళ్లిపోయాడు. ఆ కాసేపటి కోసమే జనం వేల రూపాయలు పెట్టి టికెట్లు కొన్నారు. కొన్నవాళ్లను తప్పుపట్టాల్సిన పనేమీ లేదు. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ మీద మోజు చచ్చిపోలేదని ఆ సాయంత్రం తేలిపోయింది.

అదే హైదరాబాద్‌లో రహీం లీగ్ అనే పోటీ ఒకటుంది. నగరంలోని క్లబ్బులు తలపడే లీగ్ అది. ఎల్బీనగర్ నుంచి నాగోలు దాటితే ఉప్పలే కదా, మరి దిల్‌సుఖ్‌నగర్‌లో, గడ్డిఅన్నారంలో, కొత్తపేటలో నిలబడి ఈ లీగ్‌లో తర్వాతి మ్యాచ్ ఎక్కడ, ఎన్ని గంటలకు అని అడిగితే ఎంతమంది చెప్పగలరు? మ్యాచ్ ఉందన్న సంగతే తెలియనివాళ్లను అభిమానులు కాలేదని నిందించడం అన్యాయం. స్థానిక జట్లకు జనం రావడం లేదనే మాట ఫుట్‌బాల్ పెద్దల నోట తరచూ వినిపిస్తుంది. జనం ఉన్న చోటికి ఆట రావడం లేదన్న మాట మాత్రం ఎవరూ అనరు. ముందు అనాల్సింది ఆ మాటే.

లీగ్‌కు ఎవరి పేరు పెట్టుకున్నారో ఒకసారి గుర్తుచేసుకోవాలి. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన పాఠాలు చెప్పిన బడుల్లో చాదర్‌ఘాట్ హైస్కూల్ కూడా ఉంది. గడ్డిఅన్నారం నుంచి మలక్‌పేట మీదుగా వెళ్తే చాదర్‌ఘాట్ ఎంతో దూరం కాదు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా ఎత్తుకొచ్చింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ తరంలోనే సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ నుంచి భారత జట్టు ఆటగాడు తులసీదాస్ బలరాం వచ్చాడు. 1956-57, 1957-58 సంవత్సరాల్లో రాష్ట్ర జట్ల జాతీయ పోటీ సంతోష్ ట్రోఫీ వరుసగా రెండుసార్లు హైదరాబాద్‌కే దక్కింది. 1963లో రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. 2024లో అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ సినిమా చూశాక గానీ ఈ కథ చాలామంది తెలుగువాళ్లకు తెలియలేదు.

రహీం గురించి చెప్పేటప్పుడు పతకాల దగ్గరే ఆగిపోవడం అలవాటైపోయింది. ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి చాలా ఏళ్లు కార్యదర్శి కూడా. కుర్రాళ్ల కోసం చిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక టోర్నీలో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలన్నమాట. ఇంకో దాంట్లో బంతిని తనే తీసుకుపోతూ మెలికలు తిప్పడానికి వీల్లేదు, వెంటనే తోటివాడికి ఇచ్చేయాలి. శిక్షణ కోసమే అయినా, అలాంటి పోటీ చూడటానికి ఎంత తమాషాగా ఉంటుంది! పక్క వీధి కుర్రాడు ఎడమకాలితో తన్నబోయి బోల్తా పడితే గల్లీ అంతా నవ్వుతుంది. వాడే వచ్చే ఏడాదికి అదే కాలితో గోలు కొడితే అదే గల్లీ వాణ్ని భుజాల మీదికి ఎత్తుకుంటుంది. ఇది ఈ నగరంలోనే పుట్టిన ఉపాయం. పైసా ఖర్చు లేకుండా ఇవాళ ఏ క్లబ్బయినా మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఇక దగ్గరి చరిత్రకు వస్తే, 2019లో పుణెలో ఒక క్లబ్బు మూతపడి దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. మూడో సీజన్‌కే, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ ట్రోఫీ గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. అంత గొప్ప ఏడాదిలో హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. కోవిడ్ కారణంగా అంతకుముందు ఏడాదీ, ఆ ఏడాదీ లీగ్ మొత్తం గోవాలోనే నడిచింది. జట్టు శిఖరానికి చేరిన రోజుల్లో దాని అభిమానులు టీవీ ముందు కూర్చున్నారు. ‘దక్కన్ లీజియన్’ పేరుతో గుమిగూడిన కుర్రకారు డప్పులతో, జెండాలతో ఆ బంధాన్ని నిలబెట్టడానికి చేయగలిగిందంతా చేశారు.

ట్రోఫీ గెలిచిన రెండేళ్లలోపే జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం, విదేశీ ఆటగాళ్ల నిష్క్రమణ. యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బు ఏకంగా ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఆరేళ్లు పసుపు జెర్సీ వేసుకుని అరిచినవాళ్లను అడిగిన నాథుడు లేడు.

సరిగ్గా ఇలాంటిదే లండన్‌లో 2002లో జరిగింది. వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్ అనే ఊరికి తరలించడానికి ఫుట్‌బాల్ సంఘం కమిషన్ అనుమతించింది. అభిమానులు కొద్దిరోజులు గొంతు చించుకుని ఊరుకోలేదు. ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో తామే కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. ఊరి ఉమ్మడి మైదానంలో, ఎవరైనా రావచ్చని చెప్పి ఆటగాళ్ల ఎంపిక జరిపారు. సటన్ యునైటెడ్‌తో తొలి స్నేహపూర్వక మ్యాచ్‌కు 4,657 మంది వచ్చారు. లీగ్ మెట్లలో అట్టడుగునెక్కడో, కౌంటీ స్థాయిలో ఆడిన తొలి సీజన్‌లో సగటున మూడు వేల మందికి పైగా చూశారు. 2011కల్లా ఆ క్లబ్బు ఇంగ్లండ్ వృత్తి లీగ్‌లోకి ఎదిగింది. 2020 నవంబర్‌లో తమ పాత పేట ప్లౌ లేన్‌లో కట్టుకున్న సొంత స్టేడియంలో ఆడింది. క్లబ్బు అభిమానుల ట్రస్టు చేతిలోనే ఉంది.

హైదరాబాద్ ఎఫ్‌సీ పోయాక ఇక్కడ అలాంటిది జరగకపోవడానికి కారణం మనవాళ్లకు అభిమానం తక్కువై కాదు. వింబుల్డన్ వాళ్లకు కిందిస్థాయి లీగ్ అంటే ఏమిటో తెలుసు. శనివారం మధ్యాహ్నం పేటలోని చిన్న గ్రౌండ్‌కు వెళ్లి, టీ తాగుతూ, గట్టుమీద నిలబడి ఆట చూసే అలవాటు అక్కడ తరాల నుంచీ ఉంది. పెద్ద క్లబ్బు పోయినా నిలబడటానికి కింద నేల ఉంది. హైదరాబాద్‌లో పాత తరంలో ఉన్న ఆ నేలను మనమే పోగొట్టుకున్నాం.

అంతటి ఇంగ్లండ్‌లోనూ చిన్న క్లబ్బులు జనం కోసం చెమటోడ్చాల్సిందే. 2010 నుంచి అక్కడ ఏటా ‘నాన్ లీగ్ డే’ జరుపుతున్నారు. జాతీయ జట్ల మ్యాచ్‌ల కోసం పెద్ద లీగ్‌లకు విరామం ఇచ్చే వారాంతంలో, పెద్ద క్లబ్బుల అభిమానులను మీ వీధి చివరి చిన్న జట్టు ఆటకు రమ్మని పిలుస్తారు. పెద్ద ఆటతో పోటీపడకుండా, అది లేని రోజును పట్టుకున్నారు. హైదరాబాద్‌కు ఇందులో పనికొచ్చే పాఠం ఉంది. మార్చి చివరి నుంచి మే దాకా ఐపీఎల్ కాలం, దాంతో తలపడటం దండగ. జూన్ నుంచి వానలు. దసరా దాటినప్పటి నుంచి ఫిబ్రవరి దాకా సాయంత్రాలు చల్లగా, ఖాళీగా ఉంటాయి. ఆదివారం ఐదింటికి కిక్కాఫ్ అయితే ఏడుకల్లా అందరూ ఇల్లు చేరతారు.

చోటు సంగతి ఇంకా ముఖ్యం. గత ఆరేడేళ్లుగా ఈ నగరంలో పేరున్న ఫుట్‌బాల్ అంతా పడమటే నడిచింది. హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఆడింది. సూపర్ లీగ్ కింది మెట్టయిన ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో వరుసగా రెండో స్థానం తెచ్చుకున్న శ్రీనిధి దక్కన్ జట్టు మైదానం అజీజ్‌నగర్‌లో. 2024 డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ తుది దశ హైదరాబాద్‌కు వస్తే అదీ ఈ రెండు చోట్లే జరిగింది. ఆఖరి రోజున, డిసెంబర్ 31న, గచ్చిబౌలిలో బెంగాల్ జట్టు కేరళను ఒక్క గోలుతో ఓడించింది. ఎల్బీనగర్ కుర్రాడు ఆ ఫైనల్ చూడాలంటే మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగి, అక్కడి నుంచి బస్సో ఆటోనో వెతుక్కోవాలి. తిరుగు ప్రయాణమూ అంతే. మెస్సీ కోసమైతే ఎవరైనా ఆ తిప్పలు పడతారు. ప్రతి పదిహేను రోజులకూ ఎవరు పడతారు?

తూర్పు వైపు ఏమీ లేదా అంటే, కావాల్సినవన్నీ ఉన్నాయి. 2018 సెప్టెంబర్ నుంచి అమీర్‌పేట, ఎల్బీనగర్ మధ్య మెట్రో నడుస్తోంది. మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ అన్నీ ఒకే వరుస స్టేషన్లు. వీఎం హోం మైదానంలో తెల్లారక ముందే నడక మొదలవుతుంది. సరూర్‌నగర్‌లో ఇండోర్ స్టేడియం ఉంది, దాన్ని ఆనుకుని బహిరంగ మైదానమూ ఉంది. ఆ చోటికి జనం రారని ఎవరూ అనలేరు. 2019 అక్టోబర్‌లో ఆర్టీసీ కార్మికుల సకల జనుల సమరభేరి అక్కడే జరిగింది. 2023 మేలో ప్రియాంక గాంధీ పాల్గొన్న యువ సభా అక్కడే. పార్టీలు కూడగట్టగలిగిన జనంలో నూరో వంతు వచ్చినా ఒక స్థానిక క్లబ్బుకు పండగే.

కాకపోతే సభలకు ఇచ్చే గ్రౌండ్ ఆటకు మిగలదు. షామియానా గుంజల కోసం తవ్విన గుంతలు, ఊడిపడిన మేకులు, లారీ చక్రాల గాడులు ఉన్న చోట జారుతూ బంతి అందుకోవడానికి ఏ కుర్రాడైనా జంకుతాడు. కాబట్టి ఆదివారాలు ఆటకేనని క్రీడాశాఖ, నగరపాలక యంత్రాంగం ముందే క్యాలెండర్‌లో గీత గీయాలి. స్టేడియాలు కొత్తగా కట్టక్కర్లేదు. ఉన్న మైదానాన్ని సీజన్ పొడవునా ఒకే జట్టుకు, ఒకే వేళకు కేటాయిస్తే చాలు. ఈ వారం ఇక్కడ, పై వారం జింఖానాలో, ఆ పై వారం ఇంకెక్కడో అంటే అలవాటు పడేదెలా? చూడటం అలవాటయ్యాకే అభిమానం పుడుతుంది.

జట్టు పేరు కూడా పేటదే కావాలి. గడ్డిఅన్నారం అంటే ఏళ్ల తరబడి పండ్ల మార్కెట్టే గుర్తొచ్చేది. వేసవిలో మామిడి లారీలు, బత్తాయి గుట్టలు, హమాలీల కేకలు. 2021లో మార్కెట్ బాటసింగారానికి తరలింది. ఆ స్థలంలో టిమ్స్ ఆస్పత్రి తలపెట్టారు. ఊరందరికీ తెలిసిన గుర్తు ఒకటి పేటను వదిలిపోయింది. డైనమోస్ అనో, టైగర్స్ అనో ఎక్కడిదైనా కాగల పేరు పెట్టుకునే బదులు గడ్డిఅన్నారం అనో, సరూర్‌నగర్ అనో పెట్టుకుంటే, ఆట తెలియనివాడికి కూడా ఆ జట్టు గెలిచిందా ఓడిందా అన్న కుతూహలం కలుగుతుంది. ప్రత్యర్థీ దూరంగా ఏమీ లేడు. బార్కస్‌లో ఫుట్‌బాల్ తాతల నాటి నుంచి ఇంటి ఆట. చాంద్రాయణగుట్ట దారిలో వెళ్తే సరూర్‌నగర్, బార్కస్ ఇరుగుపొరుగులే. ఆ రెండు పేర్లూ ఒకే పోస్టర్ మీద ఎదురెదురుగా పడితే వేరే ప్రచారం ఎందుకు? మైకులో గోలు కొట్టినవాడి పేరు తెలుగులోనూ, దక్కనీ ఉర్దూలోనూ వినిపించాలి. పోస్టర్ కూడా రెండు లిపుల్లో ఉండాలి. నగరంలో ఫుట్‌బాల్‌ను ఇన్నేళ్లు బతికించింది ఎక్కువగా పాతబస్తీ, సికింద్రాబాద్ కుటుంబాలే. కొత్త కాలనీలు వాళ్లతో కలిసి ఒకే గట్టుమీద కూర్చునే వీలు ఈ ఆటకే ఉంది.

ఎవరు వస్తారన్న ప్రశ్నకు జవాబు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంది. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, పాలమూరు, కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగ పరీక్షల కోసం, కంప్యూటర్ కోర్సుల కోసం వచ్చిన వేలమంది ఇక్కడ ఇరుకు గదుల్లో ఉంటున్నారు. ఆదివారం మధ్యాహ్నం మెస్‌లో కోడికూర తిన్నాక వాళ్లకు సాయంత్రం గడవదు. సినిమాకు వెళ్తే టికెట్, పాప్‌కార్న్ కలిపి రెండు రోజుల భోజనం ఖర్చు. ఇరవై రూపాయల టికెట్‌తో గంటన్నర ఆట, అరుపులు, నలుగురు కొత్త స్నేహితులు దొరికితే ఎందుకు రారు? హాస్టల్ నోటీసుబోర్డు మీద మ్యాచ్ కాగితం అంటించడానికి కావాల్సింది ఒక కుర్రాడు, ఒక జిగురు డబ్బా. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఇంగ్లిష్ పోస్టర్ ఇప్పటికే ఫుట్‌బాల్ చూసేవాళ్లకే చేరుతుంది. కొత్తవాణ్ని పట్టాలంటే మెస్ గోడ, టీకొట్టు, మెట్రో మెట్ల దగ్గర పంచే కరపత్రం, కాలనీ వాట్సాప్ గ్రూపులే దిక్కు.

టికెట్ పూర్తిగా ఉచితం చేయాలని కొందరంటారు. పిల్లలకు ఉచితం సబబే. పెద్దల దగ్గర పదో ఇరవయ్యో తీసుకోవడమే మంచిది. డబ్బులిచ్చి లోపలికి వచ్చినవాడు చివరిదాకా ఉంటాడు, ఆట బాగాలేకపోతే నిలదీస్తాడు, వచ్చే వారం ఏం మార్చారో చూడటానికి మళ్లీ వస్తాడు.

కేరళను చూస్తే చిన్న ఆటకు ఎంత జనం రాగలరో అర్థమవుతుంది. మలప్పురం జిల్లాలో సెవెన్స్ అనే ఏడుగురి ఆట ఉంది. చిన్న మైదానం, ఫ్లడ్‌లైట్లు, రాత్రిపూట మ్యాచ్. పొలాల్లోనే వెదురు, పోకచెట్టు దుంగలతో తాత్కాలిక గ్యాలరీలు కట్టేస్తారు. వేలమంది టికెట్లు కొని వస్తారు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆటగాళ్లు ఆ జట్లలో ఆడతారు. 2018లో వచ్చిన మలయాళ చిత్రం ‘సుడానీ ఫ్రమ్ నైజీరియా’ కథంతా దాని చుట్టూనే. ఊళ్లో పని ముగించుకుని, అన్నం తిని, నడిచి వెళ్లగలిగే చోట, వెళ్లగలిగే వేళకు ఆట పెట్టడమే దాని బలం. ఎల్బీనగర్, నాగోలు, వనస్థలిపురం పరిసరాల్లో కుర్రాళ్లు గంటకింత అని కట్టి రాత్రిళ్లు ఆడే టర్ఫ్‌లు ఉన్నాయి కదా, ఏడుగురి జట్ల పోటీకి అవి సరిపోతాయి. పదకొండు మంది ఆటకు జనాన్ని తయారుచేసే మొదటి మెట్టు అదే కావచ్చు.

ఒక హెచ్చరిక కూడా కేరళ నుంచే తీసుకోవాలి. 2022 మార్చిలో మలప్పురం జిల్లా పూంగోడ్‌లో సెవెన్స్ మ్యాచ్ జరుగుతుండగా గ్యాలరీ కూలి ఎందరో గాయపడ్డారు. జనాన్ని పిలిచేవాళ్లు ముందుగా వాళ్ల ప్రాణాలకు పూచీ పడాలి. ఇంజినీరు చూడని గ్యాలరీ కంటే గట్టు మీద చాపలే నయం.

పెద్దగా చర్చకు రాని విషయం ఒకటుంది. గ్రౌండ్‌లో శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీళ్లు, కూర్చోవడానికి నీడ లేకపోతే సగం జనాభాను గేటు దగ్గరే తిప్పి పంపినట్టే. అమ్మ రాని చోటికి చిన్నపిల్లలు రారు, ఆడపిల్లలు అసలే రారు. నిజామాబాద్ బిడ్డ గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులో ఆడుతోంది. క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బు దాకా వెళ్లివచ్చింది. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమెను గుర్తుపట్టేవాళ్లు ఎందరు? ప్రతి ఆదివారం పురుషుల మ్యాచ్‌కు ముందు గంటసేపు చుట్టుపక్కల బడుల ఆడపిల్లల మ్యాచ్ పెడితే ఒక్కో జట్టు వెంట పదుల సంఖ్యలో తల్లిదండ్రులు, అన్నదమ్ములు వస్తారు. వాళ్లలో కొందరు తర్వాతి ఆటకూ ఆగుతారు. మైదానం నింపడానికి ఇంతకంటే నికార్సయిన మార్గం లేదు.

డబ్బు ఎక్కడి నుంచి? ఈ పేటల్లో గణేశ్ మండపానికి చందా పోగుచేసే కుర్రాళ్ల నేర్పు ఒకసారి గమనించాలి. ఏ ఇంట్లో ఎంత అడగాలో, ఏ దుకాణదారు లడ్డూ వేలానికి వస్తాడో, ట్రాక్టరు ఎవరిస్తారో, సరూర్‌నగర్ చెరువు దగ్గర వరుసలో ఎప్పుడు నిలబడాలో అన్నీ వాళ్లకు తెలుసు. రసీదు పుస్తకం, లెక్కల కాగితం, బాధ్యతల పంపకం పక్కాగా ఉంటాయి. క్లబ్బు నడపడానికి కావాల్సిన పనితనం కూడా ఇదే. వంద రూపాయల వార్షిక సభ్యత్వం, సభ్యుడికి ఒక కార్డు, ఏడాదికోసారి లెక్క చెప్పే సభ, ఆ సభలో ఓటు. క్లబ్బు పెద్దలకు ఈ ఓటంటే భయం ఉండవచ్చు. ఓటున్న సభ్యులు లేకపోతే ఏం జరుగుతుందో మాత్రం గచ్చిబౌలిలో చూశాం. ఒక యజమాని వస్తాడు, ఇంకొకరికి అమ్ముతాడు, కొన్నవాడు రాజధానికి తీసుకుపోతాడు. వందేసి రూపాయలు కట్టిన వెయ్యిమంది ఉన్న క్లబ్బును అంత తేలిగ్గా లారీకెక్కించలేరు.

రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం చేయాల్సింది కూడా భారీగా ఏమీ లేదు. సీజన్ మొదలవకముందే రహీం లీగ్ మ్యాచ్‌ల పట్టిక మొత్తం తెలుగులో, ఉర్దూలో ప్రకటించాలి. ప్రకటించిన తేదీలకు కట్టుబడాలి. మ్యాచ్ అయిన రాత్రే స్కోరు, గోలు కొట్టినవారి పేర్లు, ఒక ఫొటో పత్రికలకు పంపాలి. పేపర్లో కొడుకు పేరు చూసిన ఇల్లు తర్వాతి ఆదివారం ఇంటిల్లిపాదీ వస్తుంది. జాతీయ స్థాయిలో 2025లో సూపర్ లీగే సకాలంలో మొదలవలేదు. పైన ఇంత అయోమయం ఉన్నప్పుడు పై నుంచి ఏదో వస్తుందని ఎదురుచూడటం కంటే కింద మెట్లను గట్టిచేసుకోవడమే ఇప్పుడు చేతనయ్యే పని.

తొలి సీజన్‌లో వేలమంది రారు. మొదటి ఆదివారం సరూర్‌నగర్‌లో రెండు వందల మంది వస్తే గొప్ప. వాళ్లలో వంద మంది రెండోసారి రావాలంటే, రెఫరీ ఆఖరి విజిల్ వేయగానే జనం లేచి వెళ్లేలోపు మైకులో మూడు విషయాలు తెలుగులో చెప్పాలి: పై వారం ఆట ఎవరితో, ఎన్నింటికి, సభ్యత్వ రసీదు పుస్తకం ఏ గేటు దగ్గర ఉంది.